స్వీట్ డబ్బాలో బర్డ్స్ నెస్ట్ ఫెర్న్

మాది పర్లాకిమిడి. మా ఆఫీసు మెట్ల దగ్గర కుండీలో ఒక బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ ఉంది, ఆకులు అరటి పిలకలా నున్నగా చుట్టూ గూడు కట్టినట్టు ఉంటాయి. ఒకరోజు ఆకు తిరగేస్తే వెనకాల నడి ఈనె నుంచి ఏటవాలుగా గోధుమరంగు గీతలు, దువ్వెన పళ్లలాగ. పురుగేమో అని సబ్బునీళ్లు కొట్టబోయా. తర్వాత తెలిసింది అవి స్పోర్లట, అంటే గింజల బదులు మొలకెత్తే పొడి, ఫెర్న్‌కి పువ్వూ గింజా ఉండవు కదా, దాని వంశమంతా ఆ గీతల్లోనే.

ఆకు ముక్క పేపర్లో మడిచి పెడితే రెండ్రోజులకి కాఫీపొడి కన్నా మెత్తగా రాలింది. ఆత్రం కొద్దీ అంతా కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మీద కుమ్మరించేశా, రెండు వారాల్లో తెల్ల బూజు.

జులైలో మళ్లీ మొదలెట్టా. ఈసారి కోకోపీట్ మీద మరిగే నీళ్లు పోసి, చల్లారాక చిటికెలో సగం చల్లి, స్వీట్ డబ్బా మూతకి టేపేసి ఎండ తగలని కిటికీ పక్కన పెట్టా. ఐదారు వారాలకి పచ్చటి పొర వచ్చింది. అమ్మ చూసి "ఏటే, పాచి పెంచుతున్నావేటే? నూతి గట్టు మీద కావల్సినంత ఉంది కదే" అంది.

అక్టోబరుకి ఆ పొర చిట్టి తమలపాకుల్లా అయింది, ఒక్కోటీ చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. ఇక్కడే రెండు నెలలు పోగొట్టుకున్నా. అదింకా అసలు ఫెర్న్ కాదు, దాని అడుగున మగ కణాలు నీళ్లలో ఈదుకుంటూ పోయి అండాన్ని చేరితేనే ఫెర్న్ పుట్టేది, నేనేమో బూజు భయంతో తడే తగలనివ్వలేదు! కాచి చల్లార్చిన నీళ్లు స్ప్రే కొట్టడం మొదలెట్టాక శివరాత్రి ముందు ఒక తమలపాకు కింద నుంచి చిన్న ఆకు తొంగి చూసింది. మొత్తం పదకొండు వచ్చాయి.

బోర్నియో దీవి అడవుల్లో ఇదే రకం ఫెర్న్ చెట్ల కొమ్మల మీద కూర్చుని, పైనుంచి రాలే ఆకుల్ని పోగేసుకుని 200 కిలోల దాకా తూగుతుందట. నావి అగ్గిపుల్లంత. ఏప్రిల్లో మూత ఒక్కసారిగా తీసేశా, మన ఎండల సంగతి తెలిసీ, కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాల్సింది, ఏడు పోయాయి. మిగిలిన నాలుగూ బాత్రూమ్ కిటికీలో ఉన్నాయి. ఒకటి ఆఫీసుకి ఇద్దామనుకున్నా గానీ అక్కడ కుండీలో టీ గ్లాసులు కడిగిన నీళ్లు పోస్తారు, ఇవ్వను.