నఖోన్ ఫనోమ్: కొండలు అవతలి ఒడ్డున, పేరు ఇవతలి ఒడ్డున

థాయిలాండ్ ఈశాన్యపు అంచున, మెకాంగ్ ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరులోని కొండలు ఈ దేశంలో లేవు. ‘నఖోన్’ అంటే మన నగరమే. ‘ఫనోమ్’ కంబోడియావాళ్ళ ఖ్మేర్ మాట, కొండ అని అర్థం. ఫ్నోమ్ పెన్‌లో ఉన్నదీ అదే. తెల్లవారుజామున నది ఒడ్డు దారిలో నిలబడితే మెకాంగ్‌కు అవతల, లావోస్‌లోని థాఖెక్ ఊరి వెనక, ఖమ్మువాన్ సున్నపురాతి కొండలు రంపపు పళ్ళలా కనిపిస్తాయి. సూర్యుడు వాటి వెనక నుంచే లేస్తాడు. ఎండ ముదిరితే మసకబారతాయి కాబట్టి ఆరు గంటలకల్లా ఒడ్డున ఉండాలి.

1893కి ముందు రెండు ఒడ్డులూ సయాం (థాయిలాండ్ పాత పేరు) ఏలుబడిలోనే ఉండేవి. ఆ ఏడు జూలైలో ఫ్రెంచి యుద్ధనౌకలు బ్యాంకాక్ దాకా వచ్చాయి. అక్టోబర్ 3న కుదిరిన ఒప్పందంతో ఎడమ ఒడ్డు ఫ్రాన్స్‌కు పోయింది. కుడి ఒడ్డున కూడా 25 కిలోమీటర్ల మేర సైనిక స్థావరాలు పెట్టకూడదని సయాం ఒప్పుకోవాల్సి వచ్చింది. నది సరిహద్దయింది గానీ మాట మారలేదు. ఇటు ఇంట్లో మాట్లాడేదీ అటు బజార్లో వినిపించేదీ లావో మాటే. ఇది మనసులో పెట్టుకుని తిరిగితేనే ఈ జిల్లా అర్థమవుతుంది.

ఇక్కడికి వచ్చినవాళ్ళు తప్పక చూడాల్సింది ఊరికి దక్షిణంగా 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని థాత్ ఫనోమ్. ‘థాత్’ అంటే ధాతువు, మన బౌద్ధ స్తూపాల్లో భద్రపరిచే ధాతువే. భట్టిప్రోలు స్తూపంలోని పేటికల గురించి తెలిసినవాళ్ళకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు. బుద్ధుడి వక్షస్థలపు ఎముకను మహాకాశ్యపుడు ఇక్కడికి తెచ్చాడని స్థలపురాణం. స్తూపం గుండ్రంగా ఉండదు. నలుచదరంగా, సీసా మెడలా సన్నబడుతూ 50 మీటర్లు దాటి లేస్తుంది. తెల్లటి గోడల మీద బంగారు లతలు, కొసన బంగారు గొడుగు.

మనం చూసేది పాత కట్టడం కాదు. 1975 ఆగస్టు 11 సాయంత్రం, రోజుల తరబడి కురిసిన వానల తర్వాత, మొత్తం గోపురం కూలిపోయింది. అడుగున ఎప్పటివో పాత ఇటుకలు. వాటి మీద 1940ల మొదట్లో కాంక్రీటు తొడుగు వేసి ఎత్తు పెంచారు. తడిసి బలం తగ్గిన ఇటుక ఆ బరువు మోయలేకపోయింది. శిథిలాలు తొలగిస్తుంటే ధాతువుల పేటిక దొరికింది. కొత్త స్తూపం పూర్తిచేసి 1979లో వాటిని తిరిగి ప్రతిష్ఠించారు. ప్రాంగణంలోనే ఉన్న మ్యూజియంలో అప్పుడు బయటపడ్డ వస్తువులున్నాయి. చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు, అరగంట కేటాయించండి.

భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు వేసుకోవాలి. అరటాకు శంకువులూ బంతిపూలూ గుడి దగ్గరే అమ్ముతారు. మూడుసార్లు కుడివైపుగా తిరగాలి. ఆ తిరగడాన్ని వాళ్ళు ‘ప్రథక్సిన్’ అంటారు, అంటే ప్రదక్షిణమే. జిల్లాలో పుట్టిన వారానికో స్తూపం చొప్పున ఎనిమిదున్నాయి. ఏడు వారాలకు ఎనిమిదెలా అంటే, బుధవారం పగలు బుధుడిది, రాత్రి రాహువుది. ఆదివారం పుట్టినవాళ్ళది థాత్ ఫనోమ్. మాఘ పౌర్ణమి జాతరకు లావోస్ నుంచి కూడా భక్తులు వస్తారు. సోమ, గురువారాల్లో వెళితే నది ఒడ్డున లావో సంత చూడొచ్చు. అవతలి పల్లెల వాళ్ళు అడవి దుంపలూ మూలికలూ చేపలూ పడవల్లో తెచ్చి అమ్ముతారు. ఉదయమే వెళ్ళాలి. ఊరి నుంచి సాంగ్‌థ్యూ బళ్ళు (వెనక రెండు బెంచీలున్న చిన్న ట్రక్కులు) గంటన్నర తీసుకుంటాయి, తిరుగు బళ్ళు పెందలాడే ఆగిపోతాయి. ఆఖరిది ఎప్పుడో దిగగానే అడగండి.

దారిలోనే రేణు నఖోన్. సోమవారం స్తూపం ఇక్కడిదే. 1918లో థాత్ ఫనోమ్ నమూనాగా కట్టినది కాబట్టి, మరమ్మతులకు ముందు పెద్ద స్తూపం ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే దీన్నే చూడాలి. ఇక్కడి ఫూథాయ్ తెగ జనం నీలిమందు బట్టలు నేస్తారు. వాళ్ళ ‘ఉ’ అనే మద్యం తీరే వేరు. మట్టి కుండలో జిగురు బియ్యపు అన్నం, ఊక, పులియబెట్టే ఈస్ట్ బిళ్ళ కలిపి మూతి బిగించి పులియబెడతారు. తాగే ముందు మూత తీసి అంచు దాకా నీళ్ళు పోసి కాసేపు ఆగుతారు. తర్వాత సన్నటి గొట్టాలతో ఇద్దరు పీలుస్తారు. నీళ్ళు తగ్గితే మళ్ళీ పోస్తారు, పోసేకొద్దీ పలచబడుతుంది. ఊక దండగ అనుకోవద్దు: అది లేకపోతే అన్నం ముద్దకట్టి గొట్టం మూసుకుపోతుంది. మొదటి గుక్క తియ్యగా ఉంటుంది, అందుకే తెలియకుండా ఎక్కువ తాగేస్తారు.

నఖోన్ ఫనోమ్ ఊళ్ళోని గడియారస్తంభం వియత్నామీయులది. 1946 మార్చిలో ఫ్రెంచి సేనలు థాఖెక్ మీద దాడి చేస్తే వేల మంది నది దాటి ఇటు వచ్చారు. 1960లో స్వదేశానికి వెళుతూ కొందరు కృతజ్ఞతగా దీన్ని కట్టించి వెళ్ళారు. ఇంకా ముందు, 1928–29లో, హో చి మిన్ ఊరికి పడమరగా ఉన్న నా చోక్ పల్లెలో తలదాచుకున్నాడు. ఆ చెక్క ఇంటిని మళ్ళీ కట్టి చూపిస్తున్నారు. వియత్నామీయుల ఆవిరి రేకు అట్లు ఉదయం ఒడ్డున దొరుకుతాయి, లోపల పంది మాంసం కూరుతారు. శాకాహారులు ‘జే’ అని అడగాలి. మాంసం వద్దంటే మాత్రమే చాలదు, చేప రసం వేస్తారు.

థాఖెక్ వెళ్ళాలంటే 2011 నవంబర్ 11న తెరిచిన మూడో స్నేహ వంతెన మీద బస్సులో వెళ్ళాలి. ఊళ్ళో పడవ రేవు స్థానికులకే. ఒకసారి ప్రవేశానికే పనికొచ్చే థాయ్ వీసా ఉంటే రీ-ఎంట్రీ పర్మిట్ ముందే తీసుకోవాలి, లేకపోతే దేశం దాటగానే ఆ వీసా చెల్లదు.

ఒక్కసారే రాగలిగితే ఓక్ ఫాన్సాకు రండి. బౌద్ధ భిక్షువుల వానాకాలపు వ్రతం ముగిసే రోజు, దాదాపు మన ఆశ్వయుజ పౌర్ణమి. అధిక మాసాల వల్ల తేదీ ఒక్కోసారి మారుతుంది, చూసుకోవాలి. గదులు నెలల ముందే నిండుతాయి. పూర్వం ఆ రాత్రి నదిలో అరటి బోదెల తెప్పల మీద దీపాలు వదిలేవారు. ఇప్పుడు తేలే తెప్ప మీద వెదురుతో మేడంత చట్రం కట్టి, తీగల మీద డీజిల్ పోసిన చిన్న సీసాలు వేల కొద్దీ వేలాడదీస్తారు, ఒక్కోదానికీ గుడ్డ వత్తి. మధ్యాహ్నమే వెళ్ళి చూడండి: దగ్గరి నుంచి అవి మసి సీసాల వరసలే, బొమ్మ ఏదీ కనబడదు. గాలివాన వస్తే వరసలకు వరసలే ఆరిపోతాయి. చీకటి పడ్డాక నది మధ్యకు చేరాక అదే చట్రం ఏడు పడగల నాగరాజవుతుంది, థాత్ ఫనోమ్ అవుతుంది. దీపాలు థాఖెక్ వైపు నీళ్ళలో కూడా ఆడుతుంటే అటు ఒడ్డునా జనం నిలబడి చూస్తుంటారు.