నోటి మాట నోటుబుక్కుకు చేరేలోపు

బేస్తవారం

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఏడో తరగతి, మూడో పీరియడ్ తెలుగు. 32 మంది వచ్చారు. అంశం 'మా ఊరి అంగడి'. ముందు మాట్లాడాలి, తర్వాత రాయాలి. మాట్లాడించే ప్రశ్నలు చాలా తరగతుల్లో రెండు నిమిషాల్లో అయిపోతాయి. స్వీయరచన ఇంటిపనికి పోతుంది, ఇంటి దగ్గర పిల్లలు గైడు ముందేసుకుని రాస్తారు. ఈ టీచర్ రెండింటినీ ఒకే 45 నిమిషాల్లోకి తెచ్చారు. నేను వెనక బెంచీలో కూర్చుని చూసింది ఆ రెండింటి మధ్య దారినే.

మొదటి ప్రశ్న: "మనూర్ల అంగడి ఎప్పుడైతది?" తరగతంతా ఒక్కసారే "బేస్తవారం!" అంది. రెండోది: "ఏమేం దొరుకుతయ్?" టమాటలు, ఉల్లిగడ్డలు, మిర్చి... జాబితా వచ్చి ఆగిపోయింది. ఒక్క మాటలో జవాబొచ్చే ప్రశ్నకు ఒక్క మాటే వస్తుంది. పైగా అందరూ కలిసి చెప్పే జవాబులో ఎవరు నోరు విప్పలేదో తెలియదు. వెనక నుంచి చూస్తే తెలుస్తుంది, గొంతంతా ముందు రెండు బెంచీలదే.

మూడో ప్రశ్న దగ్గర తరగతి మారింది. "తెచ్చిన సరుకు అమ్ముడుపోకుంటె ఏం జేస్తరు?" ఎవరూ పలకలేదు. టీచర్ ప్రశ్నను మళ్లీ చెప్పలేదు, జవాబు అందించలేదు, ఇంకొకరి వైపు తిరగలేదు. అయిదారు సెకన్లు అలాగే నిలబడ్డారు. తరగతిలో అది చాలా పెద్ద మౌనం. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయని, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. ఇక్కడా అదే జరిగింది. కిటికీ పక్క పిల్లవాడు లేచాడు.

"మా అమ్మ గంపల ఆనిగెపుకాయలు పెట్టుకొని పోతది టీచర్. పొద్దుగూకేదాక కూసుంటది. అప్పటికీ మిగిలితె అగ్గువకు ఇచ్చేస్తది. వాపస్ మోసుడు దండుగ అంటది."

నాలుగు వాక్యాలు. వరుస ఉంది, కారణం ఉంది, అమ్మ మాట కూడా ఉంది. టీచర్ 'గంపల' కాదు 'గంపలో' అనలేదు. "అగ్గువకు అంటే ఎంతకు బిడ్డా?" అని మాత్రం అడిగారు. "ఇరవై రూపాయల కాయ పదికిస్తది" అన్నాడు. మాట్లాడుతున్న పిల్లవాడి భాషను సరిదిద్దితే అక్కడే కూర్చుండిపోతాడు. చెప్పిన విషయం గురించి ఇంకో ప్రశ్న వేస్తే ఇంకో వాక్యం వస్తుంది. ఈ పీరియడ్ మొత్తంలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించిన పని ఇదే.

తర్వాత జంటలు. ఒకరు మూడు నిమిషాలు చెప్పాలి, ఇంకొకరు విని అయిదారు మాటలు మాత్రమే రాసుకోవాలి, వాక్యాలు రాయకూడదు. ఆపై వంతు మార్చుకోవాలి. మంచి పద్ధతే కానీ చాలామంది వాక్యాలే రాయబోయారు. రాత వెనకబడింది, వినడం ఆగింది, చెప్పేవాడు ఊరికే ఎదురుచూశాడు. ముందే ఒకరిచేత చెప్పించి, ఏ మాటలు ఏరుకోవాలో బోర్డు మీద ఒకసారి చూపిస్తే ఈ చిక్కు రాదు. ఆరు నిమిషాల పనికి పది పట్టింది.

ఆ తర్వాత బోర్డు. కిటికీ పక్క పిల్లవాడి మాటలే తీసుకున్నారు: గంప, పొద్దుగూకేదాక, మిగిలినవి, అగ్గువ, ఇరవై–పది. ఏది ముందు, ఏది తర్వాత అని పిల్లల్నే అడిగి అంకెలు వేశారు. కుడి అంచున ఒక గీత గీసి మూడు జతలు రాశారు: ఊర్ల–ఊరిలో, పోతది–పోతుంది, వస్తరు–వస్తారు. ఏడో తరగతికి ఈ మూడు చాలు. పిల్లలు మాట్లాడే తీరుకూ పుస్తకం తీరుకూ ఉన్న తేడాలో పెద్ద భాగం క్రియ చివరా విభక్తి దగ్గరా ఉంటుంది. ఆనిగెపుకాయను సొరకాయ చేయలేదు, అగ్గువను చౌక చేయలేదు. అమ్మ అన్న మాటను కొటేషన్లలో ఆమె అన్నట్టే రాయమన్నారు. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా అన్ని బడుల్లో జరుపుకుంటాం. ఆ గౌరవం పిల్లల నోటుబుక్కులో కనిపించాల్సింది ఇలాగే అని నా నమ్మకం.

రాయడం మొదలైంది. అదే పిల్లవాడి వెనక నిలబడి చూశాను. మొదటి మూడు వాక్యాలు ఇవి:

"మా ఊరిలో అంగడి జరుగును. అందు అనేక రకముల కూరగాయలు లభించును. అంగడి వలన మనకు చాలా ఉపయోగములు కలవు."

అమ్మ లేదు, గంప లేదు, పది రూపాయలు లేవు. ఇది వాడి తప్పు కాదు. రాత అనగానే వాడికి తెలిసిన నమూనా గైడులోని జవాబే. 'కలవు', 'లభించును' రాస్తే ఎర్ర గీత పడదు. మాట్లాడినప్పుడు ఎదురుగా అడిగే మనిషి ఉన్నారు, కాగితం ముందు ఎవరూ లేరు. టీచర్ వచ్చి చదివి, కొట్టేయకుండా, "ఇందాక నాకేం చెప్పినవ్? అది రాయి" అని బోర్డు వైపు చూపించారు. కింద మళ్లీ మొదలుపెట్టాడు: "మా అమ్మ గంపలో ఆనిగెపుకాయలు పెట్టుకొని అంగడికి పోతుంది. పొదుగూకేదాక కుర్చుంటుంది. ఇరవై రూపాయల కాయ పదికే ఇస్తుంది. 'వాపస్ మోసుడు దండుగ' అంటుంది."

రెండు తప్పులున్నాయి, 'పొదు', 'కుర్చుంటుంది'. అయినా ఇది వాడి రాత.

తప్పుల సంగతి. నా దగ్గరి ఆరు నోటుబుక్కుల్లో కనిపించినవి రెండు జాతులు. 'అమ్ముతుంది' బదులు 'అముతుంది', 'సాయంత్రం' బదులు 'సాయత్రం', 'కూర్చుంది' బదులు 'కుర్చుంది': ఒత్తు, సున్న, దీర్ఘం జారినవి. ఇవి చెవికి దొరుకుతాయి. వేలు పెట్టి మెల్లగా పైకి చదవమంటే చాలావరకు రాసినవాడే పట్టుకుంటాడు. 'ధర'కు 'దర', 'భారం'కు 'బారం', 'కష్టం'కు 'కస్టం', 'నీళ్లు'కు 'నీల్లు': ఇవి వేరు. పిల్లలు అలాగే పలుకుతారు, అలాగే వింటారు కాబట్టి పదిసార్లు పైకి చదివించినా దొరకవు. కంటితోనే నేర్చుకోవాలి. మాట గోడ మీద ఉండాలి, చదివే పాఠంలో పదేపదే తగలాలి. రెండు జాతులకూ ఒకటే మందుగా 'ఒక్కో మాట పదిసార్లు రాయి' అంటే రెండో జాతికి కొంత పనికొస్తుందేమో, మొదటిదానికి దండగ. ఒక విడతలో ఒక జాతి తప్పులే దిద్దితే పిల్లవాడు కూడా ఏం చూసుకోవాలో తెలుసుకుంటాడు. పేజీ అంతా ఎర్రబడితే ఏదీ చూడడు.

లెక్కకు వస్తే, తరగతి మొత్తం వినేలా విడిగా మాట్లాడింది ఏడుగురే, అందులో ఆడపిల్లలు ఇద్దరు. జంటల్లో మాత్రం ఎడమ వైపు ఆడపిల్లలు ఆపకుండా మాట్లాడారు. కాబట్టి వరుస తిప్పాలి. జంటల్లో మాట్లాడటం ముందు, అందరిముందు మాట్లాడటం తర్వాత. స్నేహితురాలికి ఒకసారి చెప్పిన మాటను లేచి చెప్పడం అంత కష్టం కాదు.

రాయడానికి మిగిలింది తొమ్మిది నిమిషాలు. పక్కవాళ్లకు చదివి వినిపించే వంతు రాకముందే గంట కొట్టారు, లెక్కల సార్ వచ్చి బోర్డు తుడిచారు. మాటలు నోటుబుక్కులోకి ఎక్కించుకున్నవాళ్లు సగం మంది కూడా లేరు.

స్టాఫ్ రూంలో టీచర్‌తో మాట్లాడి అనుకున్నవి: దీన్ని రెండు పీరియడ్లు చేయాలి. మొదటిదానిలో జంటలు, అందరిముందు మాట్లాడటం, బోర్డు మీది మాటలు, చివరి మూడు నిమిషాలు వాటిని ఎక్కించుకోవడానికే. రెండోదానిలో 20 నిమిషాలు రాత, 10 నిమిషాలు పక్కవాళ్లకు చదివి వినిపించడం. విన్నవాళ్లు తప్పులు చెప్పకూడదు, "తర్వాత ఏమైంది?", "ఎంతకు?" లాంటి ప్రశ్న ఒకటి అడగాలి. మిగతా సమయం ఆ ప్రశ్నకు జవాబుగా ఒక వాక్యం చేర్చడానికి, చెవికి దొరికే తప్పులు తామే దిద్దుకోవడానికి. రేపటి పీరియడ్‌కు మాటలు లేనివాళ్లు పక్కవాళ్ల నోటుబుక్కు చూసి ఎక్కించుకోవాలని మధ్యాహ్న భోజనం వరుసలోనే చెప్పి పంపారు.