ఆటోమేటిక్ కారు ఇంజిన్ మా మాన్యువల్ కారులోకి: ఆరు వారాల పని

మొదటి వారం

పాత ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ ఒకటి పోయింది. విప్పి చూస్తే క్రాంక్‌ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద గోటికి తగిలేంత లోతు గీతలు. దాన్ని సానబట్టించి కొత్త బేరింగులు వేయించే బదులు, అదే మోడల్‌ది వాడిన ఇంజిన్ ఒకటి తెచ్చుకున్నాం. అది ఆటోమేటిక్ కారుది. మాది మాన్యువల్. ‘ఎక్కదు’ అన్నవాళ్లే ఎక్కువ. బ్లాకు మీద కొట్టిన ఇంజిన్ కోడ్ రెండింటికీ ఒకటే కాబట్టి నాకు ధైర్యంగానే ఉంది. పిస్టన్లు, హెడ్డు, క్యామ్ అన్నీ ఒకటే. తేడా ఉంటే ఇంజిన్ వెనక ముఖం దగ్గరే ఉండాలి.

ఇంజిన్ తన ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో కలిపే వచ్చింది, అది మాకు కలిసొచ్చింది. స్టార్టర్ మోటారు దాని చోట్లోనే ఉంది కాబట్టి, నేల మీద ఉండగానే బ్యాటరీ తగిలించి కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో) చూశాం. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పెట్టి తిప్పితే 172, 175, 168, 174 పీఎస్‌ఐ వచ్చాయి. అంకె ఎంత పెద్దదన్న దానికన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం నాకు ముఖ్యం. ఒక సిలిండర్ మిగతావాటికంటే 15 శాతం దిగువన ఉంటే ఆ ఇంజిన్ నేను ఎక్కించను. ఆయిల్ మూత లోపల తెల్లటి జిగురు లేదు, కూలెంట్‌లో నూనె తెట్టు లేదు, అంటే రెండూ లోపల కలవడం లేదు.

రెండో వారం

గేర్‌బాక్స్ విడదీశాం. ముందు టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే నూనె డబ్బా) బోల్టులు తీయాలి. స్టార్టర్ తీసిన కంతలోంచి ఒక్కో బోల్టే కనిపిస్తుంది. ముందు పుల్లీ దగ్గర పానా వేసి తమ్ముడు క్రాంక్ తిప్పుతుంటే నేను ఒక్కొక్కటి విప్పాను. కన్వర్టర్ నిండా నూనె ఉంటుంది, కింద పళ్లెం లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

కన్వర్టర్ పోయాక క్రాంక్‌ చివర మిగిలేది ఫ్లెక్స్‌ ప్లేట్. పల్చటి ఉక్కు పళ్లెం, చుట్టూ స్టార్టర్ పళ్లు. ఆటోమేటిక్‌లో బరువంతా నూనెతో నిండిన కన్వర్టరే ఇస్తుంది, అందుకే ప్లేటు అంత పల్చన. మాన్యువల్‌లో ఆ బరువూ, క్లచ్ ఆనడానికి చదునైన ముఖమూ ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఇవ్వాలి. కాబట్టి మా పాత ఫ్లైవీల్ ఇటు రావాలి. బోల్టులు మాత్రం ఇటువి అటు పనికిరావు. ఫ్లెక్స్‌ ప్లేట్ బోల్టును ఫ్లైవీల్ బోల్టు పక్కన నిలబెడితే 6 మిల్లీమీటర్లు పొట్టి. మందమైన ఫ్లైవీల్‌కి ఆ పొట్టివి వేస్తే క్రాంక్‌లో రెండు మూడు మరలు మాత్రమే పట్టుకుంటాయి. ఫ్లైవీల్‌కి కొత్త బోల్టులే తెప్పించాను. మా ఇంజిన్‌లో ఇవి బిగించినప్పుడు కాస్త సాగే రకం, రెండోసారి వాడకూడదు.

మూడో వారం

ఈ వారం మొత్తం ఒక్క కంత దగ్గరే గడిచింది, కానీ ఈ పని అంతటికీ ప్రాణం అక్కడే ఉంది.

మాన్యువల్ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొస క్రాంక్‌ నడిబొడ్డున ఉండే చిన్న పైలట్ బేరింగ్‌లో కూర్చుంటుంది. ముందు చక్రాలు తిరిగే కార్లలో చాలావాటికి ఈ బేరింగ్ ఉండదు. మాది వెనక చక్రాలు తిరిగే కారు, దీనికి కావాలి. ఆటోమేటిక్‌లో దాని అవసరం లేదు కాబట్టి కంపెనీ వెయ్యదు. మా క్రాంక్‌ కంతలో దాని బదులు ఒక ఉక్కు రింగు ఉంది, కన్వర్టర్ ముక్కు నిలవడానికి. తుప్పు రంగులో క్రాంక్‌తో కలిసిపోయి, అదీ క్రాంక్‌లో భాగమే అనుకునేలా ఉంది. పాత క్రాంక్‌ని పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిస్తేనే తేడా తెలిసింది. లోపలి నుంచి పట్టే కొక్కెం పుల్లర్‌తో రింగును లాగేశాక కంత కొలత పాతదానితో సరిపోయింది. కొన్ని ఇంజిన్లలో ఆటోమేటిక్ క్రాంక్‌కి ఆ కంత పూర్తి కొలతకు తొలిచి ఉండదట, కాబట్టి కొనేముందే కొలిచి చూసుకోండి.

బేరింగ్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, బయటి అంచుకు సరిపడా సాకెట్ పెట్టి మెల్లగా తట్టాను. లోపలి రింగు మీద కొడితే గోళీలు దెబ్బతింటాయి. అసలు ఈ బేరింగ్ వెయ్యకపోతే షాఫ్ట్ కొస ఊగుతుంది, క్లచ్ సరిగ్గా వదలదు, గేరు వేస్తే గరగరమంటుంది, కొన్నాళ్లకు గేర్‌బాక్స్ ముందు బేరింగ్ పోతుంది. ఇంత చిన్న వస్తువు కోసం గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సి రావడం కన్నా బాధ ఇంకోటి ఉండదు.

క్రాంక్‌ ముందుకూ వెనక్కూ ఎంత కదులుతుందో కూడా డయల్ గేజ్‌తో చూశాను. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ ముందుకు నెట్టబడుతుంది, ఆ ఒత్తిడి అంతా థ్రస్ట్ బేరింగ్ మీదే. 0.14 మిల్లీమీటర్లు వచ్చింది. మా ఇంజిన్‌కి 0.30 దాకా ఫర్వాలేదు.

నాలుగో వారం

వెనక ఆయిల్ సీల్, టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కొత్తవి వేశాం. ఇంజిన్ బయట ఉన్నప్పుడు ఇవి మార్చకపోతే తర్వాత చెయ్యి దూరే చోటు ఉండదు. బ్లాకుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే రేకు కూడా పాత ఇంజిన్‌దే వేశాం, ఆటోమేటిక్‌ది వేరు. గైడ్ పిన్నులు రెండూ ఉన్నాయో లేదో చూస్తే ఒకటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోనే ఇరుక్కుపోయి ఉంది. అది లేకుండా బిగిస్తే గేర్‌బాక్స్ క్రాంక్‌తో ఒకే గీతలో నిలవదు.

వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) మా కారువే ఉంచాం. ఆటోమేటిక్ ఈసీయూ గేర్‌బాక్స్ నుంచి సిగ్నళ్ల కోసం చూస్తుంది, అవి అందకపోతే హెచ్చరిక లైటు వెలుగుతుంది. మా క్రాంక్‌ సెన్సర్ ముందు పుల్లీ దగ్గర ఉంది కాబట్టి దాంతో టెన్షన్ లేదు. సెన్సర్ వెనక ఉండి ఫ్లైవీల్ పళ్లు చదివే ఇంజిన్లలో పళ్ల లెక్క ముందే సరిచూసుకోవాలి. కూలెంట్ సెన్సర్ వైరు ప్లగ్గు మాదానికి కలవలేదు, పాత ఇంజిన్ సెన్సరే తీసి దీనికి వేశాం. ఇన్‌టేక్ మానిఫోల్డ్, థ్రాటిల్ కూడా మావే, ఎందుకంటే ఆటోమేటిక్ థ్రాటిల్‌కి గేర్‌బాక్స్ కేబుల్ కోసం అదనపు చక్రం ఉంది.

ఐదో వారం

ఫ్లైవీల్ ముఖం మీద వేడికి పడిన నీలి మచ్చలు ఉంటే సానబట్టించాను. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కొత్తవి. ప్లేటును అలైన్‌మెంట్ టూల్ మీద నిలిపి, ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా సగం చుట్టు చొప్పున బిగించాను.

గేర్‌బాక్స్ ఎక్కించడానికి రెండు గంటలు పట్టింది. చివరి 12 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. బోల్టులతో లాగి కూర్చోబెడదామని తమ్ముడు అన్నాడు, నేను వద్దన్నాను. అలా లాగితే క్లచ్ ప్లేట్ వంగుతుంది, లేదా గేర్‌బాక్స్ చెవి విరుగుతుంది. జాకీ కాస్త పైకెత్తి రెండు ముఖాల మధ్య సందు చుట్టూ సమానంగా వచ్చేలా చూసుకుని, గేరులో పెట్టి వెనక షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతుంటే టక్కున లోపలికి జారింది. ఆ శబ్దం వినగానే ఇద్దరం ఒక నిమిషం అలాగే కూర్చుండిపోయాం.

ఆరో వారం

ఫ్యూయల్ పంపు ఫ్యూజ్, ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా పది సెకన్ల చొప్పున మూడుసార్లు తిప్పాం. తర్వాత అన్నీ బిగించి తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది. ఐడ్లింగ్ నిలకడగా ఉంది. రివర్స్ గేరు గరగర లేకుండా పడింది, ముందుగా చూసింది అదే.

ప్రస్తుతానికి పైన హోస్ దగ్గర కొద్దిగా కూలెంట్ చెమ్మ ఉంది, క్లిప్పు మార్చాలి. 100 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, వెనక సీల్ దగ్గర తడి ఉందేమో కింద పడుకుని చూస్తాను.