ఎదురుగా కాదు, పక్కన

ఆదివారం రాత్రి

ఈరోజు నాన్న ఒప్పుకున్నారు. చీకటి పడ్డాక స్కూటర్ తీయరట. ఎదురుగా వచ్చే బండి లైట్లు పడితే రోడ్డు కనబడటం లేదని చెప్పింది ఆయనే. అయినా సంక్రాంతి నుంచి ఈ మాట ఎత్తితే చాలు, ఇల్లు కురుక్షేత్రం.

అన్నయ్య వచ్చినప్పుడల్లా నాన్న కుర్చీకి ఎదురుగా స్టూల్ వేసుకుని, "ఇటు చూడండి నాన్నా" అంటూ మొదలుపెడతాడు. కళ్లలోకి చూసి మాట్లాడితే ఎవరైనా నమ్ముతారని ఆఫీసు ట్రైనింగ్‌లో చెప్పారట. నాన్న నమ్మలేదు సరికదా, పేపర్ అడ్డం పెట్టుకున్నారు.

మనస్తత్వ పరిశోధకులు ఫ్రాన్సెస్ చెన్, జూలియా మిన్సన్ తదితరులు 2013లో ప్రచురించిన పరిశోధన వింటే ఆ ట్రైనింగ్ ఇచ్చినాయన ఏమంటాడో! వివాదాస్పద విషయాల మీద మాట్లాడేవాళ్ల వీడియోలు చూపించి, చూసేవాళ్ల చూపు ఎక్కడ నిలుస్తోందో యంత్రంతో కొలిచారు. ముందే ఒప్పుకునేవాళ్ల సంగతి వేరు. ఒప్పుకోనివాళ్లు మాత్రం వక్త కళ్లలోకి ఎంత ఎక్కువ చూస్తే అంత తక్కువ మారారు. ఇంకో విడతలో కొందరిని కళ్లు, కొందరిని నోరు చూడమన్నారు. నోరు చూసినవాళ్లే కాస్త మెత్తబడ్డారు. స్నేహం ఉన్నచోట చూపు దగ్గర చేస్తుంది, పేచీ ఉన్నచోట అదే చూపు దబాయింపు అయిపోతుంది. వీధికుక్కను తేరిపార చూస్తే గుర్రుమనదూ?

చిన్నప్పుడు అమ్మ "నా కళ్లలోకి చూసి చెప్పు" అనేది. అబద్ధం కక్కించడానికి అది బాగానే పనిచేసేది. మనసు మార్చడానికి మాత్రం ఎన్నడూ పనిచేయలేదు.

పొద్దున నాన్నా నేనూ అరుగు మీద పక్కపక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. ఇద్దరి చూపూ చాటలోనే. "సాయంత్రం గుడికి ఆటో మాట్లాడనా నాన్నా?" అన్నాను, తలెత్తకుండా. ఆయనా ఎత్తలేదు. నాలుగు కాయలు తుంచాక, "రోజూ ఆటో ఎందుకమ్మా, డబ్బు దండగ. నడిచే పోతాన్లే. స్కూటర్ పగలు తీస్తా" అన్నారు.

అంతా చూపు మహిమే అనను. మొన్న పక్కవీధి మాస్టారు బండితో సహా గుంటలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. అదీ పనిచేసే ఉంటుంది.

కంటి డాక్టరు దగ్గరికి మాత్రం ససేమిరా రానంటున్నారు. రేపు మార్కెట్లో గోరుచిక్కుడు రెండు కిలోలు తేవాలి.