తూలూజ్‌లో మొదటి వారం, ముందు బోంజూర్

సోమవారం పొద్దున ఏడున్నరకి మా వీధి చివర ఉన్న బేకరీలో నిలబడి, దారంతా మనసులో వల్లె వేసుకుంటూ వచ్చిన వాక్యాన్ని తప్పు లేకుండా చెప్పేశాను. "ఊన్ బాగెత్, సిల్ వూ ప్లే." కర్రలా పొడుగ్గా ఉండే రొట్టె ఒకటి ఇవ్వండి ప్లీజ్ అని. హైదరాబాద్‌లో ఆరు నెలలు క్లాసులకి వెళ్లి నేర్చుకున్న ఫ్రెంచ్ అది, పలకడం కూడా బాగానే వచ్చిందనుకున్నాను. కౌంటర్ వెనకున్న ఆవిడ కదల్లేదు. బాగెత్‌లు పేర్చిన బుట్ట వైపు చూడనైనా చూడలేదు. నా ముఖంలోకి చూసి మెల్లగా "బోంజూర్" అంది, వీళ్ల పలకరింపు మాట అది. సరిగ్గా వినపడలేదేమోనని నేను మళ్లీ "ఊన్ బాగెత్" అన్నాను. ఆవిడ మళ్లీ "బోంజూర్" అంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. నా వెనక నలుగురు క్యూలో ఉన్నారు. అప్పటికి గాని తట్టలేదు, నేను కూడా బోంజూర్ అన్నాను, అంతే, బాగెత్ చేతికొచ్చింది. డబ్బులిచ్చేసి బయటికి వచ్చి, ఇంటిదాకా తల వంచుకుని నడిచాను. నల్లగా ఉన్నానని అలా చేసిందా, నా ఫ్రెంచ్ అంత ఘోరంగా ఉందా, ఇంక రెండేళ్లు ఇలాగే ఉంటుందా అని ఒకటే ఆలోచన.

నేను వచ్చింది 2024 ఆగస్టు 31, శనివారం. హైదరాబాద్ నుంచి పారిస్, అక్కడ మోంపర్నాస్ స్టేషన్‌లో తెజెవె అనే హైస్పీడ్ రైలెక్కి బోర్దో మీదుగా నాలుగున్నర గంటలు. తూలూజ్ ఫ్రాన్స్‌కి నైరుతి మూలన ఉంటుంది. ఎయిర్‌బస్ విమానాలు ఈ ఊరి పక్కనే బ్లన్యాక్‌లో తయారవుతాయి, అందుకే ఏరోనాటిక్స్ చదవాలనుకునే మన పిల్లలు ఇక్కడికి వస్తుంటారు, నేనూ అందుకే వచ్చాను. చుట్టుపక్కల రాయి దొరక్క గరోన్ నది ఒండ్రుమట్టితో కాల్చిన ఇటుకలతోనే పాత ఊరంతా కట్టారట. సాయంత్రం ఎండ పడితే ఆ గోడలు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ వారంలో పొద్దు గుంకేది రాత్రి ఎనిమిదిన్నరకి. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ నా కిటికీలో ఇంకా ఎండ. ఎండ ఉండగా అమ్మ "పడుకున్నావా" అని అడుగుతుంటే ఏదోలా ఉండేది.

ఆదివారం షాపులు చాలా వరకు మూసేస్తారని ముందే విన్నాను గాని, నిజంగా వీధి వీధంతా షట్టర్లు దించి ఉంటే మాత్రం భయమేసింది, ఎందుకంటే నా గదిలో అటుకులు, పచ్చడి తప్ప ఏమీ లేవు. మా కోర్సులోనే రెండో ఏడు చదువుతున్న అనంతపురం అక్క ఒకరు వచ్చి సెయింతోబేఁ చర్చి చుట్టూ జరిగే ఆదివారం సంతకి తీసుకెళ్లారు. అక్కడికి వెళ్లాక ప్రాణం లేచొచ్చింది. మన సంతే. గంపలు, అరుపులు, ఎంచి ఎంచి కొనుక్కునే ముసలివాళ్లు, సంచిలోంచి బయటికి కనిపించే ఆకుకూర. అంజూరాలు నల్లగా పగిలిపోయేంత పండి ఉన్నాయి. ఒక బల్ల మీద లోత్రెక్ అనే ఊరి వెల్లుల్లి, పొరలు లేత గులాబీ రంగులో, కాడలతో సహా గుత్తిగా కట్టి వేలాడదీశారు. ఒక రెబ్బ గిల్లి వాసన చూస్తే మన పొట్టి వెల్లుల్లి ఘాటు ముక్కుకి తగిలింది. అది ఒక గుత్తి, కిలో టమాటాలు, రెండు పెద్ద వంకాయలు తెచ్చుకుని ఆ పూట పప్పు, వంకాయ వేపుడు చేసుకున్నాను. మరి ఆ సంతలో బేరం చేసిందంతా అక్కే కదా, నేను వెనక సంచి పట్టుకుని నిలబడ్డాను. అందుకే బేకరీలో ఏం జరగబోతోందో నాకు తెలీలేదు.

సోమవారం సాయంత్రం అక్కకి చెప్పి ఏడ్చినంత పని చేశాను. ఆవిడ అంతా విని ఒకటే అడిగారు.

"నువ్వు ముందు బోంజూర్ చెప్పినావా?"

"లేదక్కా. సిల్ వూ ప్లే అన్నాను కదా, మర్యాదగానే అడిగాను."

"మన ఊర్లో అంగడికి పోతే ఏమంటావు? అన్నా, అరకిలో చక్కెర ఇయ్యి అంటావు కదా. ఆ అన్నా తీసేసి అడిగి చూడు, ఎట్లుంటాదో."

ఈ మాట నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. మనకి పలకరింపు పదమంటూ రోజువారీ వాడుకలో పెద్దగా లేదు. నమస్కారం పెద్దవాళ్లకీ సభలకీ. కూరగాయలామెకి, ఆటో ఆయనకి, జిరాక్స్ షాపులో అబ్బాయికి ఎవరం నమస్కారం చెప్పం. కానీ మర్యాద లేకుండానూ మాట్లాడం, అక్కా, అన్నా, బాబాయ్, పెద్దమ్మా అని ముందు ఒక వరస కలిపి ఆ తర్వాత పని చెప్తాం. ఆ వరసతోనే నువ్వు నాకు మనిషివే అని చెప్పేసినట్టు. వీళ్లకి తెలియని మనిషిని అక్కా అని పిలిచే అలవాటు లేదు, దాని చోట బోంజూర్ ఉంది, దానికి మదామ్ అనో మెస్యో అనో జోడిస్తారు. అది లేకుండా నేరుగా బాగెత్ అంటే, ఆవిడని డబ్బులేస్తే సరుకు పడేసే మిషన్‌లా చూసినట్టే. ఆవిడ నన్ను అవమానించలేదు, నేను ఎగ్గొట్టిన మాటని నా చేత చెప్పించింది, అంతే.

మంగళవారం నుంచి కావాలని గమనించడం మొదలుపెట్టాను. బస్సెక్కేవాళ్లు డ్రైవర్‌కి బోంజూర్ అంటున్నారు, దిగేటప్పుడు వెనక తలుపు దగ్గర్నుంచే మెర్సీ, అంటే థాంక్స్, అని కేకేస్తున్నారు. డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లోకి వచ్చినవాళ్లు కూడా అక్కడ కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్లందరికీ కలిపి ఒక బోంజూర్ చెప్పి కూర్చుంటారని అక్క చెప్పారు. నేనూ అలాగే చేశాను. బేకరీలోకి అడుగు పెడుతూనే "బోంజూర్ మదామ్" అన్నాను. ముందురోజు ఆవిడే. ముఖం విప్పారింది. నా ఫ్రెంచ్ ఒక్క రాత్రిలో ఏమీ మారలేదు, మారింది ఆ ఒక్క మాటే.

కాగితాల పని గురించి ఎక్కువ రాయను, రాబోయేవాళ్లకి పనికొచ్చేంత చెప్తాను. వచ్చిన మూడు నెలల్లోపు వీసాని ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి, వాయిదా వేయకండి. సెవెక్ అని ఒక రుసుము ఉంటుంది, 2024లో 103 యూరోలు, అది కట్టిన రసీదు ఉంటేనే యూనివర్సిటీలో రిజిస్ట్రేషన్. ఇంటికి ఇన్సూరెన్స్ కాగితం చూపించాకే నాకు తాళాలిచ్చారు. నేను వెళ్లిన బ్యాంకులో అకౌంట్ కావాలంటే రాందేవూ, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాలన్నారు, దొరికింది తొమ్మిది రోజుల తర్వాత, ఆ తొమ్మిది రోజులూ ఇంటి అద్దె ఎలా పంపాలా అని ఒకటే టెన్షన్. కనీసం ఒక నెలకి సరిపడా డబ్బు ఫారెక్స్ కార్డులో పెట్టుకుని రండి. యూనివర్సిటీ క్యాంటీన్‌లో పూట భోజనం 2024లో 3 యూరోల 30 సెంట్లు ఉండేది, కడుపు నిండుతుంది, శాకాహారం కూడా దొరుకుతుంది.

నాకు అసలు చెప్పాలనిపించింది ఇక్కడి యాస గురించి.

క్లాసులో మాకు రొట్టెని "పేఁ" అనాలని నేర్పారు. మన పుస్తకాల్లోంచి ఎప్పుడో తీసేసిన అరసున్న ఉంది చూశారా, అచ్చం దాన్ని పలికినట్టు, ముక్కుతో. కష్టపడి పట్టుకున్నాను ఆ శబ్దం. తీరా ఇక్కడ బేకరీ ఆవిడ "పెంగ్" అంటోంది. రేపు అనే మాటకి "దెమేఁ" అని మాకు నేర్పితే, ఈవిడ "దెమెంగ్" అంటోంది. అరసున్న కాస్తా నిండు సున్న అయ్యి, చివర్లో గకారం కూడా వినపడుతోంది. పుస్తకంలో పలకకుండా వదిలేయమన్న చివరి అచ్చుని కూడా వీళ్లు వదలరు, తూలూజ్ అని ఆపేయకుండా "తులూజె" అని సాగదీస్తారు. మన తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కదా, బస్, కార్ వచ్చినా వాటికి ఉకారం తగిలించి బస్సు, కారు చేసుకున్నాం. అందుకేనేమో, పారిస్ వాళ్ల ఫ్రెంచ్ కన్నా ఈ ఊరి ఫ్రెంచ్ నా నోటికి తేలిగ్గా వచ్చింది. త, ద కూడా మనవే, ఇంగ్లీషు టీ, డీ లాగా నాలుక పైకి మడవనక్కర్లేదు.

మాటలు కూడా వేరే. క్లాసులో "పేఁ ఓ షోకోలా" అని నేర్చుకున్న చాక్లెట్ రొట్టెని ఇక్కడ షోకోలాతీన్ అంటారు, ఇంకో పేరు అంటే నొచ్చుకుంటారు కూడా. మంగళవారం అది కొంటే ఆవిడ "పోష్ కావాలా" అని అడిగింది. పోష్ అంటే జేబు అని నాకు తెలుసు. జేబెందుకు అని అయోమయంగా చూస్తుంటే ఒక క్యారీ బ్యాగ్ తీసి చూపించింది. ఈ వైపు సంచిని పోష్ అంటారట.

నాది ఖమ్మం. మా యాస విజయవాడ వాళ్లకి తెలంగాణలా, వరంగల్ వాళ్లకి ఆంధ్రాలా వినిపిస్తుంది. హైదరాబాద్ హాస్టల్‌లో నాలుగేళ్లు రెండు వైపుల నుంచీ సరిదిద్దించుకున్నదాన్ని. అందుకే బుధవారం మెట్రోలో విన్నది నాకు మనసులో ఉండిపోయింది. ఇక్కడి మెట్రోకి డ్రైవర్ ఉండడు, దానంతట అదే నడుస్తుంది. స్టేషన్ వచ్చే ముందు పేరు ఒకసారి ఫ్రెంచ్‌లో, తర్వాత ఇంకో గొంతు అదే పేరుని ఇంకో భాషలో చెప్తుంది. "కాపితోల్." కాస్త ఆగి, "కాపితోలి." రెండోది మా జిల్లాలో ఏదో ఊరి పేరులా వినిపించింది. అది ఆక్సితాన్, ఈ ప్రాంతపు పాత భాష. పన్నెండో శతాబ్దంలో త్రుబదూర్ కవులు పాటలు కట్టింది ఈ భాషలోనే. తూలూజ్‌కి ఇందులో పేరు తులూజో, రాసేటప్పుడు Tolosa. ఇక్కడివాళ్లు చివరి అచ్చుని సాగదీయడం, ముక్కు శబ్దానికి గకారం చేర్చడం ఈ భాష మిగిల్చి వెళ్లిన అలవాట్లేనట. ఒకప్పుడు బడిలో పిల్లలు పొరపాటున ఆక్సితాన్ మాట్లాడితే మెడలో ఒక చెక్కముక్కో చెప్పో వేలాడదీసేవాళ్లు. తర్వాత ఎవరు ఆ భాషలో దొరికితే అది వాళ్ల మెడలోకి మారేది. రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్ పేరు జాఁ జోరెస్. ఆయన ఈ దగ్గర్లోని కాస్త్ర్‌లో 1859లో పుట్టిన సోషలిస్టు నాయకుడు, ఈ ప్రాంతపు భాషని బడిలో నేర్పాలని 1911లోనే పత్రికలో రాశారు. రోజూ ఆ స్టేషన్‌లోనే లైన్ మారతాను. ఇప్పటివరకు ఆక్సితాన్ మాట్లాడే మనిషి ఒక్కరు కూడా నాకు ఎదురుపడలేదు, మెట్రోలో ఆ గొంతు తప్ప. ఆ గొంతు వినపడ్డ ప్రతిసారీ చెవిలో ఇయర్‌ఫోన్స్ తీసేస్తున్నాను.

గురువారం క్లాసులు మొదలయ్యాయి. నువ్వు, మీరు తేడా వీళ్లకీ ఉంది, తు, వూ అని. తోటి విద్యార్థులు మొదటి నిమిషంలోనే తు అనేశారు, ప్రొఫెసర్లకి మాత్రం వూ. ఇంగ్లీషే మాతృభాష అయిన క్లాస్‌మేట్ ఒకతను ఎవరికి ఏది వాడాలో తెలియక తికమకపడుతుంటే, నాకు మాత్రం అది పుట్టినప్పటి నుంచీ ఉన్న లెక్కే. వారం మొత్తంలో నేను ఎవరికన్నా ముందున్నాననిపించిన చోటు అదొక్కటే.

శనివారం పొద్దున మళ్లీ బేకరీకి వెళ్లాను. క్యూ రోడ్డు మీదికి వచ్చింది. నా వంతు రాకముందే ఆవిడ నన్ను చూసి కనుబొమ్మలెత్తింది. బోంజూర్ మదామ్, ఒక బాగెత్, ఒక షోకోలాతీన్, పోష్ వద్దు, సంచి తెచ్చుకున్నాను. బాగెత్ వేడిగా ఉంది, చుట్టిన కాగితం మీద పిండి అంటుకుని ఉంది. చిల్లర నా అరచేతిలో పెడుతూ ఆవిడ "ఆ దెమెంగ్" అంది, రేపు కలుద్దాం అని. ఆదివారం కూడా తెరుస్తారన్నమాట.

"ఆ దెమెంగ్, మదామ్" అన్నాను, ఆవిడ యాసలోనే.