గోడ మీద తేలియా రుమాలు: నా అనుభవం

నల్లగొండలో మా బస్తీవాళ్లం కలిసి గోడ మీద వేసిన తేలియా రుమాలు (ముందే రంగులద్దిన దారంతో నేసే గళ్ల చేనేత గుడ్డ) బొమ్మ నిన్ననే పూర్తయింది, గోళ్ల సందుల్లో ఎరుపు ఇంకా వదల్లేదు. అనుమతికి పెద్దగా తిప్పలు పడలేదు గానీ, గోడ ఇచ్చిన ఆఫీసు నమూనా బొమ్మను మూడుసార్లు అడిగి మూడుసార్లూ పోగొట్టుకుంది. జిరాక్సులు అరడజను తీసి పెట్టుకోండి.

గోడ 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. పాత సున్నం గీకకుండా రంగేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. ఇనుప బ్రష్షుతో గీకి, కడిగి, రెండు రోజులు ఆరబెట్టాం. ప్రైమరు 2 లీటర్లు, తెల్ల రంగు 4 లీటర్లు, ఎరుపు, నలుపు రెండేసి లీటర్లు కొన్నాం. డబ్బా మీద రాసింది మీరే చదవండి. కొట్టువాడి మాట నమ్మితే ఇంటి లోపల వేసే రంగు అంటగడతాడు, మాకు అంటగట్టాడు కూడా.

మేస్త్రీలు కొట్టే నీలిదారంతో అరడుగు గళ్లు గీశాం. అడ్డంగా 40, నిలువుగా 20. పాత రుమాళ్లలో గడియారాలు, విమానాలు కూడా నేసేవారు కాబట్టి పిల్లలు వాటికే ఎగబడ్డారు. ఆకుపచ్చ కూడా పెడదామన్నవాళ్లను ఆపాం. తేలియా అంటే ఎరుపు, నలుపు, తెలుపే. చేనేత ఊరు పుట్టపాక తేలియాకు 2020లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి సొంత నేత అన్న ముద్ర) వచ్చింది, దాన్ని ఇష్టమొచ్చినట్టు మారిస్తే ఎట్లా?

మూడో రోజు పుట్టపాక నుంచి ఒక పెద్దాయన వచ్చి చూశాడు. "బిడ్డా, ఇది ప్రింటు గద!" అన్నాడు. అంటే నేత కాదు, అచ్చేసిన నకలు అని. చేనేతోళ్ల నోట ప్రింటు అన్న మాట తిట్టు కన్నా ఎక్కువ. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

తప్పంతా రంగు గీత దాటకుండా మేం అంటించిన మాస్కింగ్ టేపుది. గళ్ల అంచులు కత్తితో కోసినట్టు వచ్చాయి. అసలు బట్టలో నేయకముందే దారాలకు రబ్బరు ముక్కలతో చిటికి కట్టి (రంగు అంటకుండా అక్కడక్కడ బిగించి) రంగులో ముంచుతారు. కట్టు కిందికి రంగు కాస్త పాకుతుంది, మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి. అందుకే అంచు చెదురుతుంది, అదీ దారం పోయే దిక్కుకే. పడుగైతే (నిలువు దారం) పైకీ కిందికీ, పేకైతే (అడ్డ దారం) పక్కలకు. తేలియాలో రెంటికీ చిటికి కడతారు, కాబట్టి నాలుగు వైపులా చెదురుతుంది.

ఆ చెదురు రావాలని ముందు స్పాంజితో అద్ది చూశాం. మబ్బులా అలుక్కుపోయింది, ఆ పూటంతా వృథా. చివరికి ఇంచు బ్రష్షు కుచ్చును కత్తెరతో ఎగుడుదిగుడుగా కత్తిరించి, నీళ్లు కలపని రంగులో కొస మాత్రం ముంచి, పాత గుడ్డ మీద ఒత్తి, గడి అంచు నుంచి బయటికి ఇంచు మేర లాగాం. ముందు నిలువు గీతలు, తర్వాత అడ్డం. మూలల్లో గుండ్రంగా తిప్పొద్దు. పొద్దున తొమ్మిదిలోపే చేయాలి, ఎండెక్కితే రంగు లాగకముందే ఆరిపోతుంది.

ఇంకొకటి, తెలుపును చివర్లో దిద్దకండి. చిటికి కట్టిన చోట దారం తెల్లగా మిగిలినట్టే, గోడ మీదా అడుగు రంగు మిగలాలి. తర్వాత ఎరుపు, ఆఖరున నలుపు. నలుపు పక్కన ఎరుపు సన్నగా తొంగిచూస్తే చెరపొద్దు, బట్టలోనూ అట్లే కనిపిస్తుంది.

కింద అడుగున్నర మేర బొమ్మలేవీ పెట్టకుండా నల్లంచు ఒక్కటే వేశాం. వాన చిందులూ, గుట్కా ఉమ్ములూ పడేది అక్కడే. మిగిలిన అర లీటరు నలుపు దానికోసమే మూత బిగించి దాచాం.