దిగేటప్పుడు నిండుగా, ఎక్కేటప్పుడు ఖాళీగా: మా పాత పికప్ వెనుక కమాన్లు మార్చిన అనుభవం

మా పికప్ చేసే పని రెండు రకాలు. ఒడిశాలోని సెమిలిగుడ, పొట్టంగి చుట్టుపక్కల పండే అల్లం, క్యాబేజీ, టమాటా నింపుకుని సుంకి ఘాట్ మీదుగా సాలూరుకు దిగడం ఒకటి. సరుకు దించేశాక ఖాళీగా అదే ఘాట్ ఎక్కి రావడం రెండోది. వెనుక కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల కట్టలు, మార్చాలని అనుకున్నప్పటి నుంచి పని పూర్తయ్యేదాకా నేను వదలకుండా పట్టుకున్నది ఈ ఒక్క విషయాన్నే.

బండి టాటా మొబైల్. 1988లో మార్కెట్లోకి వచ్చిన ఆ పికప్‌ను మా నాన్నగారు 1991లో కొన్నారు. కోరాపుట్ జిల్లాలో మా తెలుగు కుటుంబం వ్యాపారంలో నిలదొక్కుకున్నది దాని వల్లే. ఇంజన్ ఇప్పటికీ గట్టిగా ఉంది. అమ్మేసి కొత్తది తీసుకోమని చుట్టాలందరూ చెప్పారు. నాకు మనసు రాలేదు, అవసరమూ కనిపించలేదు. ఇబ్బందల్లా వెనుక భాగంతోనే.

లోడు వేస్తే బండి వెనుక బాగా కుంగిపోయేది. గుంత వచ్చిన ప్రతిసారీ యాక్సిల్ (చక్రాల ఇరుసు) వెళ్లి ఛాసిస్ (బండి చట్రం) కింద ఉండే రబ్బరు దిమ్మను గట్టిగా తాకేది. ముందు భాగం పైకి లేవడంతో రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగు రోడ్డును వదిలి ఎదురుగా వచ్చే డ్రైవర్ల కళ్లలో పడేది. అన్నింటికన్నా నన్ను భయపెట్టింది మాత్రం వంపుల దగ్గర బండి ఒక పక్కకు ఒరిగి, నిలదొక్కుకోవడానికి తీసుకునే సమయం. కోరాపుట్ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి మైదానానికి దిగే 26వ నంబరు జాతీయ రహదారిలో వంపులకు కొదవ లేదు.

ముందుగా ఖాళీ బండిని చదునైన గచ్చు మీద నిలిపి, టైర్లలో గాలి సమానంగా పట్టించి, చక్రం మధ్య నుంచి తొట్టి అంచు దాకా రెండు పక్కలా టేపుతో కొలిచాను. ఎడమ పక్క మూడు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. ఇలాంటి పని తలపెట్టేవాళ్లు మొదట ఈ కొలతలు రాసుకోవాలి. లేకపోతే కొత్త కట్టలు వేశాక ఎంత మారిందో చెప్పడానికి ఆధారం ఉండదు.

ఎవరిని అడిగినా ఒకటే సలహా: "ఇంకో రెండు పట్టీలు ఎక్కించు, సరిపోతుంది." నేను ఒప్పుకోలేదు. అదే మందం, అదే పొడవు ఉన్న పట్టీలు కలుపుతూ పోతే బిగువు, అంటే లోడుకు వంగకుండా నిలిచే గుణం, వాటి సంఖ్యను బట్టి పెరుగుతుంది. మందం పెంచితే లెక్క పూర్తిగా మారిపోతుంది, ఎందుకంటే పట్టీ బిగువు దాని మందపు ఘనాన్ని (మందాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ తీసి 7 మిల్లీమీటర్లది వేస్తే ఆ పట్టీ బిగువు సుమారు 1.6 రెట్లు అవుతుంది. ఒక్క మిల్లీమీటరే కదా అని వేయించుకున్నవాళ్ల బండ్లు ఖాళీగా వెళ్లేటప్పుడు వెనుక ఎగిరెగిరి పడటం మా దారిలో రోజూ కనిపిస్తుంది. ఎగిరిన చక్రం ఆ క్షణం రోడ్డును పట్టుకోదు. వానాకాలంలో ఘాట్ ఎక్కుతూ ఖాళీ బండి వంపులో అలా ఎగిరితే వెనుక భాగం పక్కకు జారుతుంది. లోడు మోయడం ఒక్కటే చూసుకుని, తిరుగు ప్రయాణాన్ని మరిచిపోవడం వల్ల వచ్చే ప్రమాదం అది.

అందుకే రెండు దశల కట్ట చేయించాను. పైన మామూలు వంపుతో ప్రధాన పట్టీలు, అట్టడుగున దాదాపు తిన్నగా ఉండే మందపాటి హెల్పర్ పట్టీ. బండి ఖాళీగా ఉన్నప్పుడు పై పట్టీలు మాత్రమే పని చేస్తాయి. లోడు పడి వాటి వంపు తగ్గాక అడుగు పట్టీ ఆనుకుని బరువు అందుకుంటుంది. ఛాసిస్‌కు కొత్తగా రంధ్రం వేయాల్సిన పని గానీ వెల్డింగ్ గానీ లేదు.

విప్పే పనికి సెమిలిగుడలో మా ఇంటి వెనుక షెడ్డే చాలింది. ఛాసిస్‌ను జాకీల మీద వదిలేయకుండా గట్టి ఇనుప స్టాండ్ల మీద కూర్చోబెట్టి, యాక్సిల్ కింద విడిగా జాకీ పెట్టాను. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు, కోయించేశాను. కదిలినా వాటిని మళ్లీ వాడేవాణ్ని కాదు. ఒకసారి సాగి బిగిసిన యూ బోల్టు రెండోసారి అంత నమ్మకంగా పట్టదు. కట్ట చివరను ఛాసిస్‌కు వేలాడదీసే షాకిల్ పిన్నులను మంట చూపించి కొట్టి తీయాల్సి వచ్చింది. పట్టీలన్నింటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు దగ్గర మాత్రం ఎవరూ తొందరపడకూడదు. పట్టీలన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి కాబట్టి, రెండు పక్కలా సి క్లాంపులు బిగించకుండా ఆ బోల్టు విప్పితే కట్ట ఒక్కసారిగా విచ్చుకుని చేతులు విరగ్గొడుతుంది.

విప్పి చూస్తే ఎడమ కట్టలో కింది నుంచి రెండో పట్టీ సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర రెండు ముక్కలైంది. కమాన్లు ఎక్కువగా విరిగేది అక్కడే. వంపు ఒత్తిడి అక్కడే ఎక్కువ, పైగా రంధ్రం వల్ల లోహం తగ్గి ఉంటుంది. యూ బోల్టులు వదులైతే ఆ భాగం కూడా వంగడం మొదలవుతుంది.

కట్టలు తయారు చేయించింది సాలూరులో. లారీల ఊరుగా దానికి ఉన్న పేరు ఊరికే రాలేదు, కమాన్ల పని తెలిసిన చేతులు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. నేను వెళ్లిన కొలిమి మేస్త్రీ పాత పట్టీలను ఒక్కొక్కటీ గోరుతో తడిమి చూశారు. "బాబూ, వీటిని సుత్తితో కొట్టి వంపు తెప్పించేవాళ్లు ఉన్నారు. నాలుగు లోడ్లకే మళ్లీ పడుకుంటాయి. ఉక్కుకు నిప్పు, నూనె రెండూ చూపించాలి" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాల్చి, వంపు పెట్టి, నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది. తక్కువ వేడిలో మళ్లీ కాచి ఆ పెళుసుదనం పోగొట్టాలి. కొలిమి ముందు కూర్చుని ఆ పని మొత్తం చూశాను. పట్టీ రంగును బట్టి ఆయన వేడిని అంచనా వేసే తీరు చూస్తుంటే లేవబుద్ధి కాలేదు. పూర్తయ్యాక ప్రతి పట్టీనీ ప్రెస్సు కింద తిన్నగా అయ్యేదాకా నొక్కి వదిలారు. కుంగేదేదో అక్కడే కుంగిపోవాలని.

బిగించేటప్పుడు పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాశాను, కట్ట చివరల్లో పిన్నుల చుట్టూ ఉండే బుష్షులన్నీ కొత్తవి వేశాను. యూ బోల్టులను ఒక పక్కే పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా మార్చుతూ కొద్దికొద్దిగా బిగించాలి. రబ్బరు బుష్షుల బోల్టులను చివరిగా బిగించేది మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే. గాలిలో ఉండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరుగుతుంది. షాక్ అబ్జార్బర్లు కూడా మార్చాను. బిగువు పెరిగిన కమాను తిరిగి లేచే వేగాన్ని పాతవి ఆపలేవు. కొనే ముందు యాక్సిల్ పూర్తిగా కిందికి జారినప్పుడూ పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడూ దూరం కొలిచి, ఆ రెండింటికీ సరిపోయే పొడవు ఎంచుకున్నాను.

వెనుక ఎత్తు పెరగడంతో ఇంజన్ శక్తిని వెనుక యాక్సిల్‌కు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారింది. మొదటి పరుగులో వేగం అందుకోగానే సన్నని అదురు తెలిసింది. యాక్సిల్ పీఠానికీ కట్టకీ మధ్య ఏటవాలు బిళ్ల పెట్టాక పోయింది. బ్రేకు గొట్టం లాగినట్టు లేదని చూసుకుని, హెడ్‌లైట్లు కొత్తగా సర్దించాను.

ఇప్పుడు నిండు లోడుతో దిగుతుంటే రబ్బరు దిమ్మ చప్పుడు లేదు, వంపులో బండి చెప్పినట్టు వింటోంది. ఖాళీగా ఎక్కేటప్పుడు వెనుక చక్రాలు రోడ్డును వదలడం లేదు. పక్కల ఎత్తులో తేడా పోయింది.

కమాన్లు బలపడ్డాయి కాబట్టి ఇంకొన్ని బస్తాలు ఎక్కించవచ్చని మా కుర్రాడు అడిగితే గట్టిగా వద్దన్నాను. ఆర్‌సీ పుస్తకంలో రాసిన మొత్తం బరువే పరిమితి. బ్రేకులు, యాక్సిల్, ఛాసిస్ పాతవే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు కూడా. పైగా పాత సరుకు వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. కొత్త కట్టలు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి సర్దుకున్నాక యూ బోల్టులను మళ్లీ బిగించాలి. నేను బిగించినప్పుడు ప్రతి నట్టూ కొంత తిరిగింది.